ఇసుక మీద హక్కు, నీళ్లలో భద్రత

ఆంధ్రప్రదేశ్ తీరరేఖ పొడవు 974 కిలోమీటర్లని మనమంతా బడిలో చదువుకున్నాం. వంపులనూ మలుపులనూ మరింత నిశితంగా లెక్కగట్టి కేంద్రం ఇటీవల ఆ అంకెను 1,053 కిలోమీటర్లకు సవరించింది. కాగితం మీద తీరం పెరిగింది. కానీ ఇంత పొడవునా ఒక సామాన్య కుటుంబం పిల్లాపాపలతో వెళ్లి, రుసుము కట్టకుండా ఇసుకలో కూర్చుని, నీళ్లలో కాసేపు తడిసి, వెళ్లినవాళ్లంతా క్షేమంగా ఇల్లు చేరతారని భరోసాగా చెప్పగల చోట్లు ఎన్ని? తీర పర్యాటకం మీద ప్రభుత్వం వేసే ప్రతి ప్రణాళికనూ ముందుగా ఈ ప్రశ్నతోనే కొలవాలి. రిసార్టులు, వ్యూ పాయింట్లు, సెల్ఫీ బొమ్మలు ఆ తర్వాతే.

సముద్రం దగ్గరికి వెళ్లడం మన జనానికి కొత్తగా అబ్బిన విలాసం కాదు. కార్తీక, మాఘ పౌర్ణములకు సూర్యలంక, మంగినపూడి తీరాలు స్నానాలకు వచ్చినవారితో కిక్కిరిసిపోతాయి. ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌కు ఆటో డ్రైవరు కుటుంబం వస్తుంది, ఐటీ ఉద్యోగి కుటుంబమూ వస్తుంది. ఇద్దరి పిల్లలూ ఒకే ఇసుకలో ఆడుకుంటారు. టికెట్టు లేకుండా, వాలకం చూసి ఆపే కాపలాదారు లేకుండా అందరూ కలిసే చోట్లు నగరాల్లో ఇంకెన్ని మిగిలాయి? సముద్రమే లేని తెలంగాణ నుంచి కూడా వారాంతాల్లో వందల కార్లు బాపట్ల, చీరాల దారి పడుతున్నాయి. వాటిలో వచ్చేవారిలో చాలామందికి చెరువు తెలుసు, కాలువ తెలుసు. అల తెలియదు.

అక్కడే ప్రాణాలు పోతున్నాయి. స్నేహితులతో కలిసి తీరానికి వచ్చిన విద్యార్థుల గల్లంతు, గజ ఈతగాళ్ల గాలింపు, మర్నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన మృతదేహాలు. పేర్లు మారతాయి గానీ వార్త అదే. ప్రమాదం జరగ్గానే కొన్నాళ్లు తీరం మూసేస్తారు, పోలీసులను కాపలా పెడతారు, హెచ్చరిక బోర్డు పాతుతారు. కొంతకాలానికి బోర్డు తుప్పు పడుతుంది, జనం మళ్లీ వస్తారు. కుర్రాళ్ల దుడుకుతనమే కారణమని చెప్పుకోవడం తేలిక. అసలు కారణం ఎక్కువగా నీటి నడకలో ఉంటుంది.

అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి. నీటి అడుగున ఉండే ఇసుక తిన్నెల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆ నీరు గుమిగూడి, సన్నని పాయగా వేగంగా లోపలికి పరుగెడుతుంది. ఇదే రిప్ కరెంట్. దీని వేగం ఒక్కోసారి సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. శిక్షణ పొందిన ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. దారుణమేమిటంటే, ఆ పాయ ఉన్నచోట అలలు అంతగా విరగవు. ఒడ్డున నిలబడి చూసేవారికి అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివారు, పిల్లలతో ఉన్నవారు ఏరికోరి అక్కడే దిగుతారు. చిక్కుకున్నప్పుడు ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా కొంతదూరం పక్కకు ఈది ఆ పాయలోంచి బయటపడాలి. ఈత రానివారు కంగారుపడకుండా తేలుతూ, చెయ్యెత్తి సాయం కోసం పిలవాలి. ఈ నాలుగు ముక్కలు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయా? తీరానికి బస్సు కట్టే కళాశాలలు ఎక్కించేముందు చెబుతున్నాయా?

అలల ఎత్తు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు దేశమంతటికీ ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆ సమాచారం అధికారులకు, మత్స్యకారులకు చేరే ఏర్పాటు ఉంది. సూర్యలంకలో కారు దిగిన కుటుంబానికి మాత్రం అది చేరదు. అలలు ప్రమాదకరంగా ఉన్న రోజున తీరంలో ఎర్రజెండా ఎగరాలి. జెండా ఎగరాలంటే అక్కడ దాన్ని ఎగరేసే మనిషి ఉండాలి. ఆస్ట్రేలియాలో ఎరుపు, పసుపు జెండాల మధ్యే ఈదాలన్నది పసిపిల్లలకు కూడా తెలిసిన నియమం. అంతదూరం ఎందుకు, గోవా 2008 నుంచీ తీరాల వెంట వేతనాలిచ్చి లైఫ్‌గార్డులను పెట్టుకుంది. విశాఖలోనూ లైఫ్‌గార్డులు ఉన్నారు, ఎందరినో కాపాడారు. మిగతా తీరంలో చాలాచోట్ల ఆ పని ఊళ్లోని మత్స్యకారుల మంచితనం మీద నడుస్తోంది.

ఆ మంచితనాన్ని ఉద్యోగంగా మార్చవచ్చు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం. తీరాలకు వేసవి సెలవుల రద్దీ ఉండేదీ ఆ రోజుల్లోనే. ఒకవైపు సముద్రం పోకడ పుట్టుకతో తెలిసిన యువకులు పని లేక ఒడ్డున ఉంటారు. మరోవైపు అల తెలియని వేలమంది అదే ఒడ్డుకు వస్తారు. ప్రతి తీరగ్రామంలో కొందరికి ప్రాణరక్షణలో, ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చి ఏడాది పొడవునా జీతం మీద నియమించాలి. వేట నిషేధ రోజుల్లో ఆ సంఖ్య పెంచాలి. ఇప్పుడిచ్చే నిషేధ భృతికి కోత పెట్టకుండానే ఇది చేయాలి. ఒక వ్యూ పాయింట్ అలంకరణకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇదేమంత భారం కాదు.

భద్రత తర్వాత హక్కు. సముద్ర తీరం, పారే నీరు, గాలి, అడవి వంటివి ప్రజల సొత్తనీ, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేననీ సుప్రీంకోర్టు 1996లో, బియాస్ నది ఒడ్డున ఒక హోటల్ ఆక్రమణ మీద తలెత్తిన ఎంసీ మెహతా వర్సెస్ కమల్‌నాథ్ కేసులో స్పష్టం చేసింది. ఆ మాట మన దగ్గర ఎంతవరకు నిలిచింది? 2023లో విశాఖలోని రుషికొండ బీచ్‌కు 20 రూపాయల ప్రవేశ రుసుము పెట్టబోయి, జనం తిరగబడితే వెనక్కి తగ్గారు. రుషికొండ మీద కట్టిన భవనాల గురించి రాజకీయ పక్షాలు ఎంత వాదించుకున్నాయో చూశాం. కొండ కింది ఇసుక మీద సామాన్యుడి హక్కు గురించి అందులో పదోవంతు చర్చ కూడా జరగలేదు.

రుసుము వల్లే శుభ్రత వస్తుందని వాదించేవారున్నారు. వారి ఆందోళన తోసిపుచ్చదగినది కాదు. తీరాన్ని నిర్వహించడానికి డబ్బు కావాలి. దాన్ని పార్కింగ్ నుంచి, దుకాణాల అద్దెల నుంచి, తీరాన్ని చూపించి గది అద్దెలు పెంచుకునే హోటళ్ల నుంచి రాబట్టవచ్చు. నడిచి వచ్చేవాడి దగ్గర వసూలు చేయనక్కర్లేదు. నీటి నాణ్యత, భద్రత, నిర్వహణ వంటి 33 ప్రమాణాలతో ఇచ్చే బ్లూఫ్లాగ్ గుర్తింపు రుషికొండకు 2020లో దక్కింది. నిర్వహణ లోపాల వల్ల 2025లో కొంతకాలం దూరమై, మళ్లీ వచ్చింది. ఒకసారి తెచ్చుకున్న జెండా రోజువారీ పని లేకుండా నిలవదని తేలిపోయింది. ఆ జెండా వర్తించేదీ కొన్ని వందల మీటర్ల తీరానికే. శ్రీకాకుళం బారువలో ఒక తాగునీటి కుళాయి, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండటానికి విదేశీ గుర్తింపు అక్కర్లేదు.

మన పిల్లలు ఎందరో స్థిరపడిన కాలిఫోర్నియాలో 1972లో ఓటర్లే తీర రక్షణ చట్టానికి దారి వేశారు. 1976 నాటి కోస్టల్ యాక్ట్ ఆ రక్షణను శాశ్వతం చేసింది. అక్కడ పోటు గీతకు దిగువనున్న తడి ఇసుక ప్రజలది. ఎంత ఖరీదైన ఇళ్ల మధ్య నుంచైనా తీరానికి దారి చూపే పాదాల గుర్తు బోర్డులు కనిపిస్తాయి. ఆ దారి మూసిన సంపన్నులతో ప్రభుత్వ సంస్థలూ పౌరులూ ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడుతున్నారు. మన దగ్గర 2019 తీర నియంత్రణ నిబంధనలు జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరాల్లో నిర్మాణ నిషేధ మండలాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు కుదించాయి. కట్టడాలు ఒడ్డుకు దగ్గరయ్యే కొద్దీ జనం నడిచే దారులు మూసుకుపోతాయి. అందుకే ఏ తీర ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చినా, ప్రజల నడకదారి, వల ఆరేసుకుని పడవ లాక్కునే మత్స్యకారుల జాగా అందులో రాతపూర్వక షరతులు కావాలి.

ఇసుకే లేకపోతే ఈ హక్కులకు అర్థం లేదు. దక్షిణం నుంచి ఉత్తరానికి సముద్రం మోసుకుపోయే ఇసుకకు విశాఖ ఔటర్ హార్బర్ గోడలు అడ్డుపడ్డాక, ఆర్కే బీచ్‌లో డ్రెడ్జర్లతో ఇసుక పోయాల్సి వస్తోంది. ఉప్పాడలో ఊరే సముద్రంలోకి జారిపోతోంది, జియోట్యూబ్ గోడ కూడా నిలవలేదు. ఇసుక కోసుకుపోయిన తీరం నిటారుగా మారుతుంది, రెండడుగులు వేయగానే లోతు వస్తుంది. అంటే తీరం కోత పర్యావరణ సమస్యగానే ఆగదు, స్నానానికి దిగినవారి ప్రాణాల మీదికీ వస్తుంది. నీళ్లలోకి దిగకుండానే సముద్రాన్ని ఆస్వాదించే చోట్లు అందుకే ఎక్కువ కావాలి. విశాఖలో తెన్నేటి పార్కు, కైలాసగిరి ఆ పనే చేస్తున్నాయి. వృద్ధులు, నడవలేనివారు, చంటిబిడ్డల తల్లులు ఎత్తు నుంచి, నీడలో కూర్చుని సముద్రాన్ని చూస్తారు. జనం ఎక్కువగా వచ్చే ప్రతి తీరం వెనుకా అలాంటి పార్కు ఒకటి ఉండాలి. అది ఇసుక మీద కాకుండా రోడ్డు వైపున ఉండాలి.

ప్రభుత్వం చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ఏ తీరంలో ఈత సురక్షితమో, ఎక్కడ కాదో, లైఫ్‌గార్డు ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు ఉంటాడో చెప్పే జాబితాను వేసవి సెలవులకు ముందే తెలుగులో ప్రకటించాలి. ప్రవేశం ఉచితమని చట్టంలోనే రాయాలి. ఏటా ఎంతమంది పర్యాటకులు వచ్చారో గొప్పగా చెప్పుకునే నివేదికలోనే, ఆ ఏడాది ఏ తీరంలో ఎన్ని ప్రాణాలు పోయాయో, ఎందరిని కాపాడారో కూడా అచ్చు వేయాలి. పోయిన ప్రాణాల అంకె ఏటేటా తగ్గితేనే తీర పర్యాటకం ఎదిగిందని ఒప్పుకోవాలి.