చవక పెట్టె: గుణదోష విచారణ



తెలుగు పండితుడికి కంప్యూటరు పెట్టెతో ఏమి పని అని కొందరైనా అనుకుంటారు. యూనికోడులో నాలుగు ముక్కలు రాయడం పట్టుబడిన నాటి నుంచి మా బషీరాబాదులో నాకు కంప్యూటరు తెలిసినవాడినన్న పేరు అయాచితంగా వచ్చిపడింది. అరసున్న, శకటరేఫల సందేహాలతో వచ్చేవారు కరవయ్యారు గాని, "సార్, సీపీయూ గరమైతున్నది, నడుమల బంద్ పడుతున్నది" అంటూ వచ్చే పూర్వ విద్యార్థులకు కొదువ లేదు. వారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "మూడువేలకు గేమింగ్ క్యాబినెట్ వస్తున్నది, తీసుకోవచ్చునా సార్?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే మాటను ఈ టపాలో ఒకచోట చేరుస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. మన ఊళ్ళలో ఆ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అంటారు. సీపీయూ అన్నది నిజానికి లోపల ఉండే అరచేతిలో ఇమిడే చిప్పు. ఆధారాధేయాలలో ఒకదానిని మరొకదాని పేరుతో పిలవడం మనకు కొత్త కాదు. 'మంచెలు కేకలు వేస్తున్నవి' అంటే మంచెల మీది కాపలావాళ్ళు కేకలు వేస్తున్నారని లక్షణావృత్తి చేత గ్రహిస్తాము. కనుక ప్రజలను తప్పుపట్టనక్కరలేదు. సికింద్రాబాదు పార్క్‌లేన్ అంగళ్ళలో దీనిని క్యాబినెట్ అంటారు. నేను పెట్టె అంటాను.

రెండవది, గేమింగ్ అన్న మాట విని పెద్దలు ముఖం చిట్లించవద్దు. ఆటలాడే పిల్లలు ఉన్నారు, కాదనను. కాని మా తాండూరు ప్రాంతంలో ఇటువంటి యంత్రాన్ని కొనేవారిలో పెళ్ళి వీడియోలు కూర్చే యువకుడున్నాడు, ఫ్లెక్సీలు, శుభలేఖలు చేసే డీటీపీ మనిషి ఉన్నాడు, ఇంజనీరింగు చదివే బండల కార్మికుని కొడుకున్నాడు. వీరందరికీ గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ కార్డుకు స్థలం, గాలి కావాలి. ఆ రెండూ ఇస్తామని చెప్పే పెట్టెకు అంగట్లో గేమింగ్ అన్న బిరుదు తగిలించారు. అంతే.

మమ్మటుడు కావ్యలక్షణం చెబుతూ శబ్దార్థాలకు దోషం ఉండరాదు, గుణం ఉండాలి, అలంకారం అక్కడక్కడ లేకపోయినా పరవాలేదు అన్నాడు. మన ఓరుగల్లు విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో దోషప్రకరణాన్ని ముందుంచి గుణప్రకరణాన్ని ఆ వెనుక చెప్పి, అలంకారాలను చివరకు తెచ్చాడు. చవక గేమింగ్ పెట్టెలను చేసేవారు ఈ క్రమాన్ని తలక్రిందులు చేశారన్నదే నా ప్రధానమైన ఫిర్యాదు. ముందు రంగుదీపాలు, తరువాత గాజుపలక, మిగిలిన డబ్బులో రేకు. కనుక విద్యానాథుని వరుసలోనే విచారిద్దాము.

దోషములు

మొదటి దోషం మూసిన ముఖం. కొన్ని పెట్టెలకు ముందువైపు పూర్తిగా గాజో, నిగనిగలాడే ప్లాస్టిక్కో బిగిస్తారు. దాని వెనుక మూడు పంకాలు రంగులు చిమ్ముతూ తిరుగుతుంటాయి. పక్కనున్న సన్నని సందులోనుంచి అవి గాలి పీల్చాలి. ముక్కు మూసి ఊపిరి తీయమన్నట్టు ఉంటుంది వాటి పని. ఏ పంకా అయినా పెట్టె లోపలి గాలిని గదిలోని గాలికంటే చల్లగా చేయలేదు. వేడెక్కిన గాలిని బయటికి నెట్టి, బయటి గాలిని తేవడమే దాని శక్తి. మే నెలలో మా వైపు 40 డిగ్రీలు దాటిన పగటిపూట ఆ బయటి గాలి కూడా అందకపోతే ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. పిల్లలు చెప్పే 'నడుమల బంద్' చాలాసార్లు ఇదే.

రెండవది దుమ్ము. మేము దుబ్బ అంటాము. తాండూరు, బషీరాబాదు ప్రాంతం నాపరాతి సీమ. గనులు, బండలు కోసి నునుపు చేసే పాలిష్ యూనిట్లు, కరన్‌కోటలో సీసీఐ సిమెంటు కర్మాగారం, తాండూరులో కందిపప్పు మిల్లులు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని సంతోషించాము. దాని పొట్టు కూడా గాలిలోనే ఉంటుంది. రాయిని నీళ్ళు పోస్తూ కోస్తారు గనుక కోసేటప్పుడు అది బురద. ఎండి, లారీ చక్రాల క్రింద నలిగిన తరువాత అది పిండి. ఈ పిండి కంప్యూటరులో చేరి, వానకాలపు తేమకు హీట్‌సింకు రెక్కల నడుమ గారలా పట్టుకుంటుంది.

చవక పెట్టెలలో దుమ్మును ఆపే జల్లెడలు ఉంటే ఉంటాయి, లేకుంటే లేదు. (జల్లెడ అనగానే పాత బ్లాగరులకు మరొకటి గుర్తుకు వచ్చి ఉంటుంది, అది వేరే కథ!) ఉన్నవి కూడా వెంట్రుకలను, దూదిపింజలను ఆపగలవు గాని రాతిపిండిని పూర్తిగా ఆపలేవు. మూసిన ముఖమున్న పెట్టెకు ఇక్కడ ఇంకొక చిక్కున్నది. ముందు పంకాలకు గాలి అందదు గనుక వెనుక పంకా తన పని తాను చేస్తూ, ప్రతి సందులోనుంచి జల్లెడలేని గాలిని లోపలికి లాగుతుంది. వచ్చే గాలి పోయే గాలికంటే ఎక్కువైతే సందులలోనుంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము తక్కువ చేరుతుంది. తక్కువైతే పెట్టెయే చీపురవుతుంది.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పక తప్పదు. యంత్రం ముక్కుకు ఎటువంటి జల్లెడ కట్టాలా అని ఇంత చర్చిస్తున్నాము. ఆ బండలు కోసే మనిషి ముక్కుకు తువ్వాలు తప్ప మరేమి కట్టాము? హీట్‌సింకును విప్పి ఊదవచ్చు. ఊపిరితిత్తులను విప్పి ఊదలేము. నా దగ్గరకు వచ్చే పిల్లలలో తండ్రి బండల కూలితో కంప్యూటరు కొన్నవారున్నారు. వారికి పెట్టె సంగతి చెప్పిన ప్రతిసారీ, నాయనకు మంచి మాస్కు కూడా కొని తీసుకుపో అని చెబుతాను.

మూడవది రేకు. పలుచని రేకు బరువుకు వంగుతుంది, పంకాల అదురుకు బుస్సుమంటుంది. అంచులు వేలు కోస్తాయి. మరలు రెండుసార్లు తిప్పితే మూడవసారి పట్టు తప్పుతాయి. వెనుకనున్న కార్డు సందుల మూతలు చాలా పెట్టెలలో రేకుతోనే అతికి ఉంటాయి. వంచి విరిచి తీయాలి. ఒకసారి విరిస్తే మళ్ళీ పెట్టడానికి వీలుండదు. కార్డు తీసివేస్తే ఆ రంధ్రం దుబ్బకు సింహద్వారం. మరతో బిగించే మూతలున్న పెట్టె దొరికితే వంద రెండువందలు ఎక్కువైనా అదే మేలు.

నాలుగవది పెట్టెతోపాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్. సాదా పెట్టెలతో ఇది ఎక్కువ, గేమింగ్ పెట్టెలతో తక్కువ. చీటీ మీద అచ్చువేసిన వాట్లను నమ్మి దానికి గ్రాఫిక్స్ కార్డు తగిలించరాదు. అది చెడితే ఒంటరిగా పోదు. మదర్‌బోర్డును, డిస్కును వెంటబెట్టుకుని పోగలదు. పెట్టెలో మిగిల్చిన ప్రతి రూపాయినీ మంచి ఎస్ఎంపీఎస్‌కు పెట్టండి. 80 ప్లస్ అన్న గుర్తు విద్యుత్తును ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేదే అయినా, ఆ గుర్తు కూడా లేనిదానిని దూరంగా ఉంచడం మంచిది.

ఇక దోషం కానిది ఒకటి. "పెట్టె ముట్టుకుంటే జివ్వుమంటున్నది, మాల్ ఖరాబ్ ఉన్నది సార్" అంటారు. తప్పు పెట్టెది కాదు. ఎస్ఎంపీఎస్‌లో విద్యుత్ అలజడిని వడగట్టే కెపాసిటర్లు అతిస్వల్పమైన కరెంటును ఇనుపపెట్టెకు, అక్కడినుంచి మూడవ పిన్ను ద్వారా భూమికి పంపుతాయి. ఇంటికి ఎర్తు లేకపోతే ఆ దారి మూసుకుపోతుంది. 230 వోల్టులలో ఇంచుమించు సగం పెట్టె మీద నిలుస్తుంది. టెస్టరు పెడితే వెలుగుతుంది, చేయి పెడితే జివ్వుమంటుంది. పెట్టె మార్చినందువలన ఇది పోదు. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తు గుంత తీయించండి. అసలైన ప్రమాదం వచ్చిననాడు ప్రాణం కాపాడేది ఆ తీగయే.

గుణములు

ఇన్ని దోషాలు చెప్పినవాడు కొనవద్దంటాడని మీరనుకుంటే పొరపాటు. పూర్వపు తెల్లడబ్బాలతో పోలిస్తే నేటి చవక పెట్టె ఎన్నో మెట్లు పైన ఉన్నది.

ముందువైపు మెష్, అంటే ఇనుపజాలి ఉన్న పెట్టెలు ఈ ధరలోనే దొరుకుతున్నాయి. మూడు ముందు, ఒకటి వెనుక, నాలుగు 120 మిల్లీమీటర్ల పంకాలు బిగించే వస్తున్నాయి. జాలి ఉన్నచోట ఈ అమరికే లోపలికి వచ్చే గాలిని ఎక్కువ చేస్తుంది. పూర్వం పైన వేలాడుతూ ప్రాసెసరు వేడినంతా మ్రింగే ఎస్ఎంపీఎస్ ఇప్పుడు అడుగున వేరే గదిలో చేరి, తన గాలి తాను తెచ్చుకుంటున్నది. తీగలు దాచడానికి వెనుక స్థలముంటుంది; తీగలు అడ్డులేకపోతే గాలికి దారి, శుభ్రం చేసేవాడికి సులువు.

అన్నిటికంటే గొప్ప గుణం కొలతలు స్థిరంగా ఉండడం. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం నేటికీ నడుస్తున్నది. 305, 244 మిల్లీమీటర్ల బోర్డుకు మరల రంధ్రాలు ఎక్కడ ఉండాలో అప్పుడే నిర్ణయమైపోయింది. అందుచేత జీబ్రానిక్స్ పెట్టె అయినా, యాంట్ ఎస్పోర్ట్స్ పెట్టె అయినా, డీప్‌కూల్ పెట్టె అయినా, సరిపడే కొలతది కొంటే ఏ సంస్థ బోర్డయినా దానిలో కూర్చుంటుంది. లోపలి సరుకు రెండు తరాలు మారినా పెట్టె మారనక్కరలేదు. ల్యాప్‌టాపులో ఒక భాగం చెడితే పట్నం పోవాలి; ఇక్కడ ఒక స్క్రూడ్రైవరుతో మన అరుగు మీదనే విప్పుకోవచ్చు. విప్పి చూసిన పిల్లవాడికి యంత్రం అంటే భయం పోతుంది. బడిలో నేను నేర్పలేని పాఠం అది.

అలంకారములు

రంగుదీపాల మీద నాకు ద్వేషం లేదు, దీపావళి ఏడాదికి ఒకసారి చాలునన్న అభిప్రాయం తప్ప. అయితే చవక పెట్టెలలోని అనేక పంకాలు నేరుగా ఎస్ఎంపీఎస్ తీగకు తగిలించేవి. వాటికి ఎప్పుడూ ఒకటే వేగం. చలికాలంలోనూ అదే హోరు, అదే దుబ్బ. బోర్డుకు తగిలించి వేగం మార్చుకోగల పంకాలుంటే, దీపం లేకపోయినా అవే తీసుకోండి.

గాజుపలక సంగతి మా ఊరివారు ప్రత్యేకంగా వినాలి. టెంపర్డ్ గాజు నడుమ దెబ్బకు గట్టిదే, అంచు దెబ్బకు కాదు. గట్టి నేల మీద మూల ఆనిస్తే ఒక్కసారిగా వడగండ్లలా రాలిపోతుంది. మన నాపరాయి గాజుకంటే మెత్తనిది. పింగాణీ టైలు గట్టిది. బండల సీమలో ఉండి మనమే బండలు మాని టైల్స్ పరచుకుంటున్నాము గనుక, పలక విప్పినప్పుడు దుప్పటి మీద పడుకోబెట్టండి. రేకు పలక ఉన్న పెట్టె దొరికితే ఈ బాధే లేదు.

నిర్ణయం

నా మాట ఇది. మూడువేల పెట్టె కొనవచ్చు. ముఖం జాలిగా ఉండాలి. ముందు జల్లెడ, అడుగు జల్లెడ చేతితో ఊడివచ్చి నీళ్ళతో కడగడానికి వీలుగా ఉండాలి. పైకప్పుకు రంధ్రాలుంటే వాటిమీద కూడా ఒక జల్లెడ వేయండి. యంత్రం ఆగినప్పుడు దుబ్బ రాలేది అక్కడినుంచే. పెట్టెను నేల మీద గాక చిన్న పీట మీద పెట్టండి. నెలకొకసారి జల్లెడ కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. మూడు నెలలకొకసారి ప్లగ్గు తీసి, ఆరుబయట బ్లోయరుతో ఊదండి. ఊదేటప్పుడు పంకా రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు చెడుతుంది. వీలైతే రైలెక్కి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి చేతితో రేకు నొక్కి చూసి కొనండి. బొమ్మలో దీపాలు కనిపిస్తాయి గాని రేకు మందం కనిపించదు.

కోస్తా మిత్రులకు దుబ్బకంటే ఉప్పుగాలి, తుప్పు పెద్ద బాధ కావచ్చు. విదేశాలలోని మిత్రులకు ఈ రెండూ లేక కేవలం పిల్లివెంట్రుకలే సమస్య కావచ్చు. ఏ సీమ పెట్టెకు ఆ సీమ గాలియే పరీక్షాధికారి. మీ సీమ గాలి ఏమంటున్నదో వ్యాఖ్యలలో తెలియజేయగలరు.

స్వస్తి.