సగం సినిమాకి పూర్తి టికెట్టా?

ముందే చెప్పేస్తున్నా, నేనేమీ సినిమా మేధావిని కాను. మొదటిరోజు మొదటి ఆట టికెట్టు దొరక్కపోతే మొహం వేలాడేసుకునే రకాన్ని. హీరో ఎంట్రీకి కాగితాలు చింపి విసిరిన చేతులే ఇవి. కాబట్టి "నీకు కమర్షియల్ సినిమా అర్థం కాదులే" అనే బాణం నా మీద పనిచెయ్యదు, వేరేది వెతుక్కోండి.

నా గొడవల్లా ఒక్కటే. మన పెద్ద సినిమాల్లో కథ అయిపోవడం మానేసింది. మూడు గంటలు కూర్చోబెడతారు. చివర్లో ఒక కొత్త మొహాన్ని సగం చూపిస్తారు, లేకపోతే పాతవాడి అసలు పేరు చెప్తారు. తెర మీద "పార్ట్ 2" అని పడుతుంది, లైట్లు వెలుగుతాయి, మనం ఈలలేస్తాం! ఎందుకేస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మెస్సులో పప్పూ కూరా వడ్డించి, "సాంబారు, పెరుగు రెండేళ్ళ తర్వాతండీ, దానికి వేరే టోకెను" అంటే ఈలేస్తామా?

ఈ మాట అనగానే "మరి బాహుబలి?" అంటారు. బాహుబలి సంగతి వేరు బాబూ. 2015లో మొదటి భాగం చూసి బయటికొచ్చేసరికి దేవసేన సంకెళ్ళు తెగాయి, కాలకేయుల యుద్ధం ముగిసింది, సింహాసనం ఎవరిదో తేలింది. అంతా పెట్టాక, చేయి కడుక్కునేముందు కట్టప్ప ప్రశ్న వేశారు. కడుపు నిండింది కాబట్టే రెండేళ్ళపాటు ఆ ప్రశ్నతో ఆడుకున్నాం. ఆ తర్వాత వచ్చినవాళ్ళు భోజనం వదిలేసి ప్రశ్న ఒక్కటే నేర్చుకున్నారు.

సలార్ చూడండి. ప్రాణస్నేహితులు ఇద్దరు బద్ధశత్రువులయ్యారు, అదీ కథ అని చెప్పుకున్నారు. 2023 డిసెంబరులో వెళ్ళి చూస్తే సినిమా అయిపోయేసరికి ఇద్దరూ స్నేహితులుగానే ఉన్నారు! చెప్తామన్న కథ మొదలే కాలేదన్నమాట. 2024 గడిచింది, 2025 కూడా గడిచింది, రెండో భాగం రాలేదు. 2024 సెప్టెంబరులో దేవర వచ్చింది. నేను తారక్ అభిమానిని, ఆ సముద్రం సీన్లకి సీట్లో నిలబడ్డవాణ్ణి. కానీ చివర్లో (చూడనివాళ్ళు ఉంటే ఈ వాక్యం దాటెయ్యండి) తండ్రిని కొడుకే పొడిచాడని చూపించి తెర దించేశారు. అది నాకు కట్టప్ప కత్తినే తుడిచి మళ్ళీ వాడినట్టు అనిపించింది.

పుష్ప కొంత నయం, ఒక కూలీ సిండికేటు పైకి ఎక్కడం అన్నది మొదటి భాగంలో ఒక లెక్కకి వచ్చింది. కానీ దాని తరువాయి మూడేళ్ళకి, 2024 డిసెంబరులో వచ్చి, తనూ పూర్తి చెయ్యకుండా "పుష్ప 3" అని బోర్డు పెట్టి వెళ్ళింది.

మన ప్రాజెక్టుల్లో "ఫేజ్ 2" అనే మాట ఎలా పుడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గడువు నెత్తి మీదకొస్తుంది, పని మిగిలిపోతుంది, మీటింగులో ఎవరో గొంతు సవరించుకుని "ఇది ఫేజ్ 2లో చూద్దామా" అంటారు. మన క్లయింటు ఆ మాట వినగానే బిల్లులో ఎంత కొయ్యాలో లెక్కేస్తాడు. సినిమాలో క్లయింటుగారు మనమే. బిల్లు కట్టేది మనం, పైగా చప్పట్లు కొట్టేదీ మనమే.

బిల్లంటే గుర్తొచ్చింది. భారీ బడ్జెట్టని టికెట్టు రేట్లు పెంచుకోడానికి రెండు ప్రభుత్వాలూ జీవోలు ఇచ్చాయి. సగం కథకి సగం పెంపు అని ఏ జీవోలోనైనా చదివారా?

"కథ పెద్దది, ఒక్క సినిమాలో పట్టదు" అంటారు. కర్ణుడి కథ కంటే పెద్దదా అండీ? 1977లో ఎన్టీఆర్ దానవీరశూరకర్ణ దాదాపు నాలుగు గంటలు తీశారు. ఆయనే దర్శకుడు, ఆయనే కర్ణుడు, ఆయనే దుర్యోధనుడు, ఆయనే కృష్ణుడు. జనం కూర్చుని చూశారు, కురుక్షేత్రం అయ్యాకే ఇంటికెళ్ళారు. అంతెందుకు, బాహుబలి వాళ్ళే దాదాపు అయిదున్నర గంటల రెండు భాగాల్ని కోసి, 2025 అక్టోబరులో "ది ఎపిక్" అని నాలుగు గంటల లోపు ఒకే సినిమాగా వదిలారు. పట్టింది కదా మరి!

అసలు భయం ఇది కాదు. రెండో భాగం ఉంటుందా లేదా అన్నది ఇప్పుడు మొదటి భాగం వసూళ్ళు తేలుస్తున్నాయి. 2023లో పెదకాపు-1 అని వచ్చింది, పేరులోనే 1. ఆడలేదు. 2 ఊసెత్తినవాళ్ళు లేరు. టికెట్టు కొన్న ఆ కొద్దిమందికి ముగింపు బాకీ. ఆడిన సినిమాకైనా గ్యారంటీ ఏముంది? కల్కిలో లోకం మొత్తం సుమతి కడుపులో బిడ్డ చుట్టూ తిరిగింది. 2025 సెప్టెంబరులో, రెండో భాగంలో దీపిక ఉండరని నిర్మాతలే ప్రకటించారు. సగం అమ్మిన వస్తువుకి మిగతా సగం ఎలా ఉంటుందో అమ్మినవాళ్ళకే తెలియదు.

సీరియళ్ళంటే మనవాళ్ళకి చులకన. కార్తీకదీపంలో ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే అయిపోయే అనుమానాన్ని డాక్టరుబాబు ఏళ్ళ తరబడి మోశాడని ఎన్ని జోకులు వేసుకున్నాం! నిజమే, సాగదీశారు. కానీ ఆ వంటలక్క మర్నాడు ఏడున్నరకి మళ్ళీ వచ్చేది, మనింటికే వచ్చేది, టికెట్టు అడిగేది కాదు. ఇంకా వెనక్కెళ్తే, 2001 నుంచి 2007 దాకా వచ్చిన అమృతం! మామూలుగా అరగంటలో ఒక ఆశ, ఒక ప్లాను, ఒక బోల్తా... అంజి తిట్లు తినడంతో సహా అన్నీ అయిపోయేవి. అయినా మళ్ళీ ఆదివారం ఎదురుచూశాం. ఎదురుచూపుకి కథని మధ్యలో నరకాల్సిన పని లేదు, మనుషులు నచ్చితే చాలు. హిట్ సినిమాలూ అంతే. మూడు వచ్చాయి, ప్రతిదాంట్లోనూ కేసు తేలింది, రెండోదాన్నుంచీ తర్వాతి ఆఫీసరెవరో చూపించి పంపారు. ఆ పద్ధతి మీద నాకు ఏ పేచీ లేదు.

"అంత బాధైతే రెండోది చూడకు" అని సలహా ఇచ్చే మిత్రులకి ఒక మాట. ఎలా చూడకుండా ఉంటాను? వర వాళ్ళ నాన్నని ఎందుకు పొడిచాడో నాకు తెలియాలి. నా డబ్బులు అక్కడ ఇరుక్కున్నాయి.