అమ్మిన సరుకు మరల నిచ్చుట



ఈ నెల విద్యుత్తుతో నడచు గృహోపకరణములను గూర్చి, ముఖ్యముగా నవి చెడినవై మన యింటికి వచ్చినపుడు దుకాణదారునకు మరల నిచ్చుటను గూర్చి కొన్ని మాటలు వ్రాయదలచితిమి. ఇది మగవారి వ్యవహారమని మీలో గొందరు తలంపవచ్చును. కాని మిక్సీతో దినమును పని యెవరిది? ఫ్రిజ్ చల్లబడక పాలు విరిగినపుడు నింద యెవరికి వచ్చును? వస్తువు మన చేతిలో నుండగా దాని రసీదు మాత్రము మగవారి చొక్కాజేబులో నుండుట యెట్టి న్యాయమో మాకు దెలియదు.

సంతకు బోయి కుండ కొను ముసలమ్మను చూడుడు. ఆమె యెవరి మాటయు నమ్మదు. కుండను వ్రేలితో దట్టి, చెవి యొగ్గి విని, బొంగురుగా మ్రోగినచో ప్రక్కకు బెట్టి మరియొకదాని నెత్తుకొనును. ఆమె పరీక్ష యంతయు నచ్చటనే ముగియును. కాని యంత్రము కుండవలె మ్రోగదు. దాని లోపము పెట్టెలోపల, పెట్టెలోని డొక్కలోపల, తీగెలలో దాగియుండి, వాడిననే కాని బయటపడదు. కావుననే కుండ కొనువారికి లేని యవసరము మిక్సీ కొనువారికి గలదు: ఇంటికి దెచ్చి వాడి చూచి, చెడినదైనచో మరల నిచ్చు నవకాశము.

ఈ సంగతి మేము పుస్తకములు చూచి నేర్చికొనలేదు. మేము చేసిన యొక తప్పువలన నేర్చికొంటిమి. దానిని దాచక చెప్పెదము.

మా ధర్పల్లిలో, మా వాడకట్టుననే, బీడీలు చేసి సంసారము నీడ్చుకొని వచ్చు నొక సోదరి గలదు. చేట యొడిలో బెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు చుట్టి, వేయి బీడీల కింత యని వచ్చు కూలిలో మిగిల్చి, ఆమె తన పెద్దకూతురి పెండ్లికని కార్తీకమాసమున నిజామాబాదులో నొక మిక్సీ కొనెను. పెండ్లి మాఘమాసమున. ఇంటికి దెచ్చిన దినముననే మాకు జూపి, "ఇప్పి చూద్దమా పంతులమ్మా?" యని యడిగెను. సారెలో బెట్టు వస్తువును ముందుగా విప్పినచో వాడినదానిని పంపినారని వియ్యాలవారు తలంతురనియు, అతికించిన పట్టీ చెరుగకుండ నుంచుమనియు జెప్పినవారము మేమే. ఆమె మా మాట విని పెట్టెను అటుకపై నెక్కించెను.

పెండ్లి జరిగెను. పిల్ల బోధను సమీపమున నత్తవారింటికి బోయెను. ఆ పిల్ల మామగారు చక్కెర కర్మాగారమున బనిచేసినవారు. 1937లో స్థాపింపబడి యెన్నో కుటుంబములకు నన్నము పెట్టిన యా కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడిన నాటినుండి ఆ యింట రూపాయి రూపాయికి లెక్కయే. అట్టి యింట కోడలు తెచ్చిన మిక్సీ మొదటి దినముననే, నానిన పప్పు పోసి త్రిప్పగా, నిమిషమైన గాకమునుపే కాలిన వాసన గొట్టి పొగలు గ్రక్కి నిలిచిపోయెను. అత్తగా రొక్క మాటయే యనెనట: "మీ అమ్మగారింటి మిక్సీ గూడ నీ లెక్కనే సుకుమారం."

ఆ మాట విని వచ్చిన తల్లి మా గడపపై గూర్చుండి, "పంతులమ్మా, బిడ్డ మొకం యాదికొస్తే బువ్వ దిగుతలేదు" అని కన్నీరు పెట్టెను. మాకును ఆ పూట నన్నము సహింపలేదు.

మరునాడు మే మామెతో గలసి నిజామాబాదు పోతిమి. 2023 డిసెంబరు నుండి మన రాష్ట్రమున స్త్రీలకు ఆర్టీసీ బస్సు ఉచితమే గాని, పోయిన దినపు కూలిని తిరిగి యిచ్చువారు లేరు. దుకాణదారుడు పెట్టె వైపైన జూడక గోడపై పలకను జూపెను: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." పిమ్మట రసీదు అడిగెను. ఆమె కొంగున ముడివేసి తెచ్చిన రసీదును విప్పి చూడగా అది తెల్లకాగితము! ఇప్పటి దుకాణములలో రసీదులను పెక్కింటిని సిరాతో గాక వేడితో ముద్రించెదరు. అట్టి యక్షరములు ఎండకు, ఉక్కకు, నూనెచేతికి కొన్ని నెలలలోనే వెలిసిపోవును. రసీదు లేదు, కొని మూడు నెలలు దాటినది, ఇక మాకు సంబంధము లేదు పొమ్మనెను. మేమును సిగ్గుతో మారుమాటాడక వచ్చితిమి. నలుగురిలో బేరమాడినచో గౌరవము పోవునని మనకు జిన్ననాటినుండి నేర్పినారు గదా!

ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. మా తండ్రిగారు మాకు బాల్యమున జెప్పిన యొక సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. పూర్వుల ధర్మశాస్త్రములలో వివాదములను పదునెనిమిది విధములుగా విభజించిరి. వానిలో క్రయవిక్రయముల యందలి పశ్చాత్తాపమును గూర్చినది యొకటి. వస్తువును పరీక్షించుటకు యాజ్ఞవల్క్యస్మృతి గడువులు చెప్పినది: ఇనుమునకు 1 దినము, పాడిపశువునకు 3 దినములు, బరువు మోయు పశువునకు 5, రత్నములకు 7, విత్తనములకు 10. ఆ స్మృతికి మనకు మిక్కిలి దూరము కాని కల్యాణి నగరమున విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. 13వ శతాబ్దమున కేతన దానిని తెనుగు పద్యములలో విజ్ఞానేశ్వరమను పేర రచించెను. ఆ శాస్త్రములలో నేటికి దగని మాట లెన్నియో కలవు. కాని యీ గడువుల లెక్కలోని వివేకము చూడుడు. ఇనుము మంచిచెడులు నాడే తెలియును. ఆవు పాలిచ్చునో తన్నునో మూడు పూటలు పితికిన దెలియును. విత్తనము మొలచువరకు బది దినములు పట్టును. లోపము బయటపడుట కెంత కాలము పట్టునో అంత కాలము కొన్నవారికి అవకాశ మీయవలయునన్నదే యందలి ధర్మము.

నేటి చట్టము నేమి చెప్పుచున్నది? మావారి సహాయమున తెప్పించి చదివితిమి. మన దేశమున 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరు 24న దానికి రాష్ట్రపతి యామోదము లభించినందున ఆ దినమునే జాతీయ వినియోగదారుల దినముగా జరుపుచున్నారు. దాని స్థానమున 2019 నాటి క్రొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చినది. ఈ చట్టము ప్రకారము రసీదు ఇయ్యకుండుట అనుచిత వ్యాపారపద్ధతి. లోపముగల సరుకును రసీదులో జెప్పిన గడువులోపల, గడువేదియు జెప్పనిచో 30 దినములలోపల, వాపసు తీసికొని సొమ్మీయ నిరాకరించుటయు నట్టిదే. కావున గోడపై పలక ఎంత పెద్దదైనను చట్టమును గప్పివేయజాలదు. ఇంగ్లండులోను 2015 నాటి చట్టము లోపముగల వస్తువును తిరస్కరించి సొమ్ము పొందుటకు 30 దినములే గడు విచ్చినది.

ఇచట నొక భేదమును మన మెరుగవలయును. లోపముగల వస్తువు వేరు, మనసు మారిన వస్తువు వేరు. రంగు నచ్చలేదనియో, తోడికోడలు పెద్దది కొన్నదనియో తిరిగి యిచ్చుటకు మన చట్టము హక్కీయలేదు. అది దుకాణదారుని మర్యాదపై, అతడు ముందుగా నొప్పుకొన్న షరతుపై నాధారపడియుండును. నారదస్మృతి యిట్టివారికిని దారి చూపినది: కొన్ననాడే చెడకుండ తిరిగి యిచ్చినచో మొత్తము వెల, రెండవనాడు ముప్పదవ వంతు తరుగు, మూడవనాడు దానికి రెట్టింపు తరుగు, ఆపైన నేమియు లేదు. ఎంత సమముగా దూచినారో చూడుడు! పండుగకు చుట్టములు వచ్చిరని టీవీ తెచ్చి, వారు పోయిన మరునాడు నచ్చలేదని తిరిగి పంపు గృహిణి, చెడిన సరుకును నిజముగా తిరిగి యిచ్చు పదిమందిపై ననుమానము కలిగించుచున్నది. మన హక్కు నిలువవలెనన్న మన మాటయు నిలువవలయును.

ఇక మా కథ. ముప్పది దినములు మా సలహావలననే గడచిపోయినవి. అయినను తయారుచేసిన సంస్థవారి వారంటీ యింకను గలదు. మేము తేదీ, వెల, మిక్సీ నమూనా సంఖ్య, జరిగిన దానిని తెలుగున వివరముగా వ్రాసి, రెండు ప్రతులు చేసి, మరల పోతిమి. ఒక ప్రతి దుకాణదారున కిచ్చి, రెండవ దానిపై "ముట్టినది" యని సంతకము చేయుమంటిమి. నోటిమాటకు లొంగనివాడు కాగితమును జూచి మెత్తబడెను. లేదన్న రసీదు నకలు కంప్యూటరులో నుండి వెంటనే వచ్చెను! ఆ నకలుతో సర్వీసు సెంటరున కిచ్చితిమి. మూడు వారములకు మోటారు మార్చి యిచ్చిరి. సొమ్ము తీసికొనలేదు. మిక్సీ బాగైనది గాని క్రొత్తది రాలేదు. మొదటి దినమున విప్పియున్నచో క్రొత్తదియే వచ్చియుండును, ఆ పిల్ల ఆ మాట పడకయే యుండును.

దుకాణదారు డంతకును వినకున్నచో దిక్కులేదని తలంపకుడు. 1915 అను సంఖ్యకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమువారు తెలుగులోను మాటలాడెదరు. వ్యాపారితో వారే సంప్రదింతురు. దానను గానిచో నిజామాబాదులో జిల్లా వినియోగదారుల కమిషను గలదు. మనము కొన్న చోటనే గాక మనము నివసించు జిల్లాలోను ఫిర్యాదు చేయవచ్చును. వస్తువుకు జెల్లించిన వెల 5 లక్షలకు లోపైనచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనక తప్పదను నియమము లేదు. ఫిర్యాదుకు కారణము కలిగిన నాటినుండి 2 సంవత్సరములలోపల చేయవలయును. లోపమును సరిచేయించుటకు, వస్తువును మార్పించుటకు, వెల తిరిగి యిప్పించుటకు, పడిన కష్టమునకు బరిహార మిప్పించుటకు వారి కధికారము గలదు. వస్తువు తండ్రి కొన్నను, అతని యనుమతితో వాడుకొను కూతురును చట్టము దృష్టిలో వినియోగదారురాలే. సారెగా బొందిన వస్తువుపై నాకేమి హక్కని యే పిల్లయు సందేహింపనక్కరలేదు.

కావున మా సోదరీమణులకు మా విన్నప మిది. కొనుటకు ముందే, చెడినచో ఎన్ని దినములలో మార్చెదరో యడిగి, ఆ మాటను రసీదుపై వ్రాయించుకొనుడు. వీలున్నచో దుకాణముననే యొకసారి నడిపింపుమనుడు. పక్కా రసీదు లేనిదే సొమ్ము చేతికీయకుడు. రసీదు వద్దన్నచో పన్ను తగ్గించెదనను మాటకు లోబడినవారు పన్నుతోపాటు హక్కును గూడ వదలుకొనుచున్నారు. ఆ దినముననే రసీదును సెల్ ఫోనుతో ఫోటో తీయించుడు. లేదా నకలు తీయించి బియ్యపుడబ్బాలో గాక బట్టల పెట్టెలో దాచుడు. వస్తువు రాగానే, శుభముహూర్తమునకై వేచియుండక, విప్పి వాడి చూడుడు. అట్టపెట్టెను గడువు తీరువరకు పారవేయకుడు. ఇంటికి దెచ్చి యిచ్చు ఆన్‌లైను సరుకైనచో పట్టీ తెంపు నప్పటినుండి వీడియో తీయించుడు. వారికిని 2020 జూలై నుండి నియమములు గలవు. లోపమున్నదానిని, చెప్పిన గుణములు లేనిదానిని వాపసు తీసికొనమనుటకు వారికి వీలులేదు. చెడినదని తెలిసిన దినముననే వ్రాతమూలముగా దెలుపుడు. నోటిమాట దుకాణపు గడప దాటదు.

దుకాణదారులలో మంచివారును గలరు. చెడిన సరుకును చిరునవ్వుతో మార్చి యిచ్చినవాని దుకాణమునకు మనము మరల పోవుదుము, మన చుట్టములను పంపుదుము. ఆడువారి నోటిమాటకు మించిన ప్రకటన వ్యాపారికి వేరొకటి లేదు. అట్టివాని పేరు పదిమందికి జెప్పుటయు మన ధర్మమే.

ఆ బీడీల సోదరి బాగైన మిక్సీని తానే బోధనుకు గొనిపోయి, వియ్యపురాలి యెదుటనే పప్పు పోసి త్రిప్పి, ఆ పిండితో వడలు వేసి పెట్టి వచ్చినదట. ఇప్పుడామెకు రెండవ కూతురి పెండ్లి దగ్గరపడినది. మొన్న నొక ఇస్త్రీ పెట్టె కొని తెచ్చి, ఈసారి మమ్ము సలహా యడుగలేదు. మా గడపలోనే కూర్చుండి, పట్టీ తెంపి, తీగె గోడకు దగిలించి, మా చీరయే యొకటి తెమ్మని ఇస్త్రీ చేసి చూచికొని పోయినది.