కేతిగాడు లేని టాక్ షో

అమెరికాలో ‘సాటర్‌డే నైట్ లైవ్’ అనే హాస్య కార్యక్రమంలో బిల్ హేడర్ అనే నటుడు విన్నీ వెడెచ్చి వేషం కట్టేవాడు. ఇటలీ టీవీలో టాక్ షో నడిపే ఆసామి అన్నమాట. చేతిలో సిగరెట్టు ఆరదు, నోటికి అడ్డూ ఆపూ ఉండదు. వచ్చే అతిథి హాలీవుడ్ తార. ఆ తారకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. విన్నీ మాత్రం ఇటాలియన్‌లా వినిపించే మాటలు, సగం అర్థమున్నవీ సగం లేనివీ, గుక్కతిప్పుకోకుండా గుప్పిస్తూనే ఉంటాడు. ఎన్నిసార్లు వచ్చినా అదే తంతు. అయినా జనం నవ్వారు. ఇటలీ వాళ్ల చేతులూపుడు మీద కొంత నవ్వారు, నిజమే. అసలు నవ్వంతా కుర్చీలో బిక్కమొహం వేసుక్కూర్చున్న అతిథి మీద. ఎక్కడికెళ్లినా తన ఇంగ్లీషు చెల్లుతుందనుకుని వచ్చిన మనిషి అవస్థ అది.

ఆ కుర్చీలో కూర్చోవడం అనంతపురం మనిషికి కొత్తేం కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే పీఠభూమి ఇది. శనక్కాయకు పెట్టిన పెట్టుబడి తిరిగి రాని ఏడు బెంగళూరు బస్సెక్కాల్సిందే. అక్కడ మేస్త్రీది కన్నడం, ఫ్లాటు ఓనరుది ఇంగ్లీషు, గేటు దగ్గర వాచ్‌మన్‌ది హిందీ. మడకశిర, రాయదుర్గం వైపు వాళ్లకైతే బస్సెక్కకముందే ఇంటి చుట్టూ కన్నడం. రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లాలోదే కదా. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో నాటకాలాడి మెప్పించారు. ఆయన ప్రతిభ ఆయనదే, కానీ మూడు భాషలు చెవిన పడే నేల కూడా దానికి కొంత సాయం చేసి ఉంటుంది.

అర్థం లేని పరభాష పలికి నవ్వించడంలో అమెరికా టీవీ తొలినాళ్లలోనే పేరు తెచ్చుకున్న హాస్యనటుడు సిడ్ సీజర్ కూడా ఆ విద్య ఏ బడిలోనూ నేర్వలేదు. న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్ అనే ఊళ్లో అమ్మానాన్నలు నడిపిన హోటల్లో ఇటాలియన్లు ఒక బల్ల దగ్గర, రష్యన్లు ఒక బల్ల దగ్గర, పోలిష్ వాళ్లు ఇంకో బల్ల దగ్గర కూర్చుని తింటుంటే విని నేర్చుకున్నాడు. నవ్వించేవాడికి ముందు చెవి ఉండాలి. అది పక్కవాడితో కలిసి బతికితే వస్తుంది, గదిలో కూర్చుని స్క్రిప్టు రాస్తే రాదు.

మన దగ్గర ఆ చెవి ఉన్నవాళ్లు నిమ్మలకుంటలో ఉన్నారు. ధర్మవరం పక్కన, 2022 విభజన తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన ఊరు. తోలుబొమ్మలకు పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ కుటుంబాల ఇంటిభాష మరాఠీ కలిసిన భాష. తెర మీద రామాయణం మాత్రం తెలుగు. తెల్లవార్లూ ఆడే ఆటలో రాముడు, రావణుడు ఆరడుగుల బొమ్మలు. వెనక ఆడించేవాళ్లు కాళ్ల కింద చెక్కలు తొక్కి యుద్ధం చప్పుడు పుట్టిస్తారు. అంత సంరంభంలో, ఎవరూ పిలవకుండా, ఒక పొట్టి బొమ్మ తెర మీదికి దూకుతుంది. కేతిగాడు. వెంటనే బంగారక్క. మొగుడూ పెళ్లాల తగవు, బూతు, ఊళ్లో కరణం నుంచి కలెక్టరు దాకా అందరి మీదా చురకలు. కథ ఆగిందని ఎవరూ విసుక్కోరు. నిద్రమత్తులో ఉన్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. ప్రతి ఆటలోనూ వాళ్లే వస్తారు, అలాగే కొట్టుకుంటారు, మాటలు మాత్రం ఆ ఊరికీ ఆ రాత్రికీ కొత్తవి. ఎప్పటికప్పుడు అల్లుకునే సరుకు కాబట్టి ఎక్కడా రాసి ఉండదు.

తెలుగును బయటి నుంచి వచ్చి నేర్చుకున్న కుటుంబాలు తెలుగువాళ్లను తెలుగులోనే నవ్విస్తూ వచ్చాయి. పెద్ద ఉద్యోగి ఇంగ్లీషు, పురోహితుడి సంస్కృతం, సాహుకారు లెక్కల భాష, అన్నీ వాళ్ల చెవికి సమాన దూరంలో ఉండేవి. అందుకే ఏది ఎక్కడ డాంబికమో ఇట్టే పసిగట్టారని మా ఊహ.

1987లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున రామాయణం మొదలైంది. హిందీలో. సీమ పల్లెల్లో ఊరికొక టీవీ ఉన్న రోజులు. దాని ముందు నేల మీద కూర్చున్న వాళ్లలో హిందీ వచ్చినవాళ్లు అరుదు. రాత్రంతా తెలుగులో ఆడే రామాయణాన్ని, అర్థం కాని భాషలో ముప్పావుగంట రామాయణం వెనక్కి నెట్టడం విడ్డూరమే. బొమ్మలాటలకు పిలుపులు తగ్గాయి. మేకతోలు మీద రాముణ్ణి చెక్కిన చేతులే లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి ఎగ్జిబిషన్లలో అమ్ముకోసాగాయి. ఆ టీవీ రామాయణంలో అన్నీ ఉన్నాయి, కేతిగాడు లేడు. ఆ లోటు తీర్చే వాచాలుడు టీవీ ముందు కూర్చున్న గుంపులోనే ఒకడుండేవాడు. “ఏమంటాండాడప్పా ఆయప్ప?” అని ఒక ముసలాయన అడిగితే, “అడివికి పోతాండాను, రాగులు తెచ్చేదానికి దుడ్లు ఈ నాయనా అంటాండాడు” అని దశరథుడి ముందు నిలబడ్డ రాముడి మాటకు తర్జుమా చెప్పేవాడు వాడు. పరభాషా కార్యక్రమానికి పేరడీ అనంతపురంలో అలా, స్టూడియో లేకుండా, ఉచితంగా నడిచింది.

ఆ తర్వాత తెలుగు చానళ్లు వచ్చాయి. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలైంది. మగవాళ్లు ఆడవేషం కట్టడం, మొగుడూ పెళ్లాల జగడం, ద్వంద్వార్థం, టీవీ ఇంటర్వ్యూలకు వెక్కిరింపు, ఇవన్నీ కేతిగాడి సంచీలో ఎప్పటినుంచో ఉన్న సరుకే. కాబట్టి మొరటుదని మేం ముక్కు మూసుకోం. బంగారక్క నోటి ముందు వీళ్లు పసిపిల్లలు. మా అభ్యంతరం వేరే. కేతిగాడి దెబ్బ పైకి తగిలేది. టీవీ కామెడీ దెబ్బ ఎక్కువగా పక్కకో కిందికో తగులుతోంది: పెళ్లాం, లావుపాటి మనిషి, నల్లటి మనిషి, యాస మాట్లాడేవాడు. తమిళం అంటే గొంతులో నాలుగు ‘ళ’లు, మలయాళం అంటే ముక్కుతో మూలుగు. సీమ మనిషంటే తొడగొట్టడం, సుమో, బాంబు. కర్నూలు సీమలో పుట్టిన నటుడు జయప్రకాశ్ రెడ్డి ఆ యాసను పలికితే విలనిజంలో కూడా మనిషి కనిపించేవాడు. ఆయన 2020లో పోయారు. ఆయన్ని చూసి యాస నేర్చుకున్నవాళ్లు దీర్ఘాలు మాత్రమే పట్టుకున్నారు.

ఇంతకీ కల్యాణదుర్గం పక్క పల్లెలో టీవీ ముందు కూర్చున్న అవ్వకు పరభాషా టాక్ షో ఏది? ఇటాలియన్ అక్కర్లేదు. “సో, మీ జర్నీ ఎలా స్టార్ట్ అయింది? ఫస్ట్ బ్రేక్ అప్పుడు ఎమోషనల్‌గా ఎలా ఫీలయ్యారు?” అని యాంకరమ్మ అడుగుతుంది. “బేసిగ్గా, ఐ యామ్ వెరీ ప్రైవేట్ పర్సన్” అంటాడు హీరో. ఇద్దరూ ఆ అవ్వ కొన్న సబ్బు డబ్బులతోనే కూర్చున్నారు. 2021లో ఆహా ఓటీటీలో మొదలైన టాక్ షో పేరు ‘అన్‌స్టాపబుల్’. దాన్ని నడిపిన బాలకృష్ణ 2014 నుంచి ఇక్కడి హిందూపురం ఎమ్మెల్యే. ఆ షోలో ఆయన ఉత్సాహం చూసి మేమూ ముచ్చటపడ్డాం. హిందూపురం సంతలో శనక్కాయ మూటల మధ్య ఆ షోకు ఏ పేరు పెట్టి ఉండేవారో అని మాత్రం ఒక ఆలోచన.

ఇలాంటి పరభాషా డాంబికాన్ని వెక్కిరించే పని గురజాడ ఎప్పుడో చేసి పెట్టారు. 1892లో రంగస్థలమెక్కిన ‘కన్యాశుల్కం’లో గిరీశం ఇంగ్లీషు దంచుతుంటే మనం ఇంగ్లీషును చూసి నవ్వం, అర్థం కాక నోరు తెరిచిన పల్లెవాళ్లను చూసి కూడా అంతగా నవ్వం. ఆ దంపుడుతో పూట గడుపుకొనే గిరీశాన్ని చూసి నవ్వుతాం. విన్నీ వెడెచ్చిని చూసి నవ్విన అమెరికన్లకు గిరీశం పరిచయమైతే చుట్టమనే అనుకుంటారు. నూట ముప్పై ఏళ్ల తర్వాత గిరీశాలు స్టూడియోల్లో సోఫాల మీద కూర్చున్నారు, ఎదురుగా వెక్కిరించేవాడు లేడు. హాస్య కార్యక్రమాలున్నాయి గానీ అవి అదే చానల్ సొత్తు, అదే సోఫా మీద కూర్చున్న తారల సినిమా ప్రచారానికి వేదికలు. సొంత ఇంటి టాక్ షోను చీల్చి చెండాడే స్కెచ్ ఏ ప్రొడ్యూసరు ఒప్పుకుంటాడు?

అయినా అడుగుతున్నాం. ఈటీవీ వాళ్లో, ఆహా వాళ్లో, ఎవరో ఒకరు ఒక్క ఎపిసోడుకు నిమ్మలకుంట నుంచి కేతిగాణ్ణి, బంగారక్కను పిలవండి. పెద్ద తారకు ఎదురుగా తెర కట్టించండి. యాంకరు ప్రశ్నలు యాంకరు అడగనీ, వాటికి తర్జుమా కేతిగాడు చెప్పనీ. ఖర్చు పెద్దగా ఉండదు, మేకప్ వాన్ అవసరం లేదు. స్క్రిప్టు ముందుగా చూపించమని మాత్రం అడక్కండి.