హంతకుడెవరో అందరికీ తెలుసు!

అర్ధరాత్రి. కుండపోత వాన. లక్షాధికారి బంగళాలోంచి కెవ్వుమని ఓ కేక! తెల్లారేసరికి హాల్లో శవం. పోలీసులొస్తారు, కొలతలు తీసుకుంటారు, తలలు గోక్కుంటారు. అప్పుడు దిగుతాడు డిటెక్టివ్. చివరి నాలుగు పేజీల్లో అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఎవరూ అనుమానించని మనిషివైపు వేలు చూపిస్తాడు. అంతే... కథ కంచికి!

అద్దె పుస్తకాల షాపుల్లో రోజుకింతని ఇచ్చి, ఇలాంటి నవలల్ని పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని చదివిన తరం ఇప్పుడు మనవళ్లను ఆడిస్తోంది. ఆ తరాన్ని కదిలిస్తే ముందుగా వచ్చే పేరు యుగంధర్. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన ఆ డిటెక్టివ్‌కు రాజు అనే అసిస్టెంటు. పోలీసు శాఖ తరఫున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఆయన మంచివాడే. కానీ చిక్కుముడి విప్పడం ఆయన పని కాదు. యుగంధర్ విప్పాక బేడీలు వేయడమే ఆయన పని! మధుబాబు రాసిన షాడో అయితే ఏకంగా గూఢచారి. మల్లాది వెంకట కృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ నవ్విస్తూనే కేసులు తేల్చాడు. 1986లో జంధ్యాల చేతిలో సినిమా కూడా అయ్యాడు. వీళ్లందరిలో ఒక పోలిక ఉంది. కేసు ముగిశాక ఎవరికీ నిద్ర పట్టకపోవడం ఉండదు. హాయిగా ఇంకో నవలలోకి వెళ్లిపోతారు.

అక్కడ ఇన్‌స్పెక్టరే ఓ కేసు

పడమటి దేశాల్లో మాత్రం డిటెక్టివ్ నవల వేరే దారి పట్టింది. స్వీడన్‌లో మై షోవాల్, పేర్ వాలూ అనే జంట 1965 నుంచి పదేళ్లలో పది నవలలు రాశారు. వాటిలో నాయకుడు మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారి. కడుపునొప్పి, చెడుతున్న కాపురం, ఎప్పటికీ తెమలని ఫైళ్లు... ఇదీ ఆయన బతుకు. 1987లో ఇయాన్ రాంకిన్ ఎడిన్‌బరోలో రీబస్ అనే పోలీసు అధికారిని పుట్టించాడు. పర్యాటకులు కోటను చూసి మురిసిపోయే ఆ నగరంలోనే, రీబస్ చీకటి సందుల్లో తిరుగుతాడు. భార్య వదిలేసింది. తోడున్నది మందు సీసా. 1997లో యూ నెస్బో రాసిన హ్యారీ హోలె కూడా అంతే. ఓస్లోలో అంత తెలివైన పోలీసు లేడు, అంతగా తాగి పాడైనవాడూ లేడు.

ఈ నవలల్లో హంతకుడెవరన్నది సగం ప్రశ్నే. ఇన్ని శవాలు చూసిన మనిషి ఇంటికెళ్లి అన్నం ఎలా తింటాడన్నది మిగతా సగం.

ఇదంతా మహానగరాల ముచ్చట అనుకుంటే పొరపాటే. హెన్నింగ్ మాన్కెల్ 1991లో మొదలుపెట్టిన వాలాండర్ నవలలు ఇస్టాడ్ అనే చిన్న ఊళ్లో నడుస్తాయి. ఆ ఊరి జనాభా ఇరవై వేలకు అటూఇటూ. ఇన్‌స్పెక్టర్ గారికి షుగరు, నిద్రలేమి, అలిగే కూతురు, మొండి తండ్రి! పుస్తకాలు చదివినవాళ్లు ఆయన ఉన్న వీధి ఎక్కడని వెతుక్కుంటూ ఆ ఊరికి వెళ్తారు. ఆ లెక్కన రెండు లక్షలు దాటిన నంద్యాల పెద్ద నగరమే కదా!

సీమలో ప్రశ్న వేరు

మరి నంద్యాలలో ఇలాంటి నవల రాయాలంటే? ఊరికేం తక్కువ లేదు. తూర్పున నల్లమల, పక్కన కుందూ. రైల్వే జంక్షన్. 2022 నుంచి జిల్లా కేంద్రం. కడప వైపు జాతీయ రహదారిలో నలభై కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. అక్కడ ఉలి చప్పుళ్ల మధ్య రాళ్లు దేవుళ్లవుతుంటాయి. ఇంకాస్త లోపలికి పోతే అహోబిలం.

కానీ 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పటి నుంచీ సినిమాకు ఈ నేలలో కనిపించింది వేటకొడవళ్లు, నాటుబాంబులు, గాల్లోకి లేచే సుమోలే. పెళ్లి సంబంధాలకు, ఉద్యోగాలకు వెళ్లిన సీమ పిల్లలు ‘మీ ఊళ్లో బాంబులు వేస్తారటగా’ అనే మాట పడాల్సి వచ్చింది. 2018లో ‘అరవింద సమేత’ దాకా వస్తే గానీ, కత్తి పట్టినవాడి ఇంట్లో ఆడవాళ్లు ఏమవుతారన్న ప్రశ్న తెర మీద గట్టిగా వినిపించలేదు. ఆ సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ ఎక్కడున్నాడు? అయితే ఎవరో ఒకరి జేబులో, లేదంటే చివర్లో జీపు దిగుతూ!

అసలు కథ అక్కడే ఉంది. డిటెక్టివ్ నవల నిలబడేది ‘ఎవరు చంపారు?’ అన్న ప్రశ్న మీద. పాత కక్షల ఊళ్లలో ఆ ప్రశ్నకు చోటే లేదు. ఎవరు చంపారో, ఎవరు చంపించారో టీకొట్టు దగ్గర కూర్చున్న ముసలాయనకూ తెలుసు. అక్కడి ప్రశ్న ‘ఎవరు చెబుతారు?’ అన్నదే.

ఇక్కడ యుగంధర్ తెలివితేటలు పనికిరావు. నవలల్లో హంతకుడు చివర్లో ‘అవును, నేనే చంపాను’ అని ఒప్పేసుకుంటాడు. కానీ పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నేరం రుజువు చేయడానికి పనికిరాదని 1872 నాటి సాక్ష్యాధికార చట్టమే చెప్పింది. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా అదే అంటోంది. దెబ్బలకు భయపడి ఎవరైనా ఏదైనా ఒప్పుకోవచ్చు కాబట్టి ఆ కట్టడి ఉండాల్సిందే. అలాగే సాక్షి స్టేషన్‌లో చెప్పింది చాలదు. అదే మాట కోర్టు బోనులో నిలబడి చెప్పాలి. ఆ రెండింటి మధ్య ఏళ్లు గడుస్తాయి. ఈలోగా సాక్షి పొలానికి వెళ్లాలి, పిల్లల్ని బడికి పంపాలి, అవతలివాళ్ల ఇంటి ముందు నుంచే నడవాలి. కోర్టులో ‘నాకేం తెలీదు సార్’ అంటే... అతణ్ని పిరికివాడనడం తేలిక!

సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018లో ఆమోదముద్ర వేసింది. ప్రతి రాష్ట్రమూ అలాంటి పథకం రూపొందించాలని కొత్త చట్టాలు కూడా అంటున్నాయి. కాగితం మీది రక్షణ సాక్షి గడప దాకా వస్తేనే కదా నోరు పెగిలేది.

ఖాకీ లోపలి మనిషి

ఇప్పుడు ఆ ఇన్‌స్పెక్టర్ని ఊహించండి. హంతకుడెవరో తెలుసు. రోజూ రోడ్డు మీద ఎదురవుతుంటాడు, నమస్కారం కూడా పెడతాడు. శవపంచనామా రాసిన చేత్తోనే, కేసు వీగిపోయిందన్న కాగితం అందుకోవాలి. ఇంట్లో భార్య ‘మీకు తెలుసు కదండీ, మరి వాణ్ని ఎందుకు వదిలేశారు?’ అంటుంది. రీబస్‌కైనా, హ్యారీ హోలెకైనా ఇంతకన్నా చీకటి ఏముంటుంది?

తెలుగులో ఈ మనిషి అసలు లేడని కాదు. ‘అంకుశం’ (1989), ‘కర్తవ్యం’ (1990) పోలీసు కోపాన్ని చూపించాయి. అంతకన్నా లోతుకు దిగినవాడు పతంజలి. ‘ఖాకీవనం’ నవలలో యూనిఫాం వేసుకున్నవాళ్ల అవమానాలను, కడుపుమంటను రాశారాయన. 2020లో వచ్చిన ‘హిట్’ సినిమాలో, పాత గాయం వెంటాడే హైదరాబాద్ పోలీసు విక్రమ్ కనిపించాడు. మానసిక వైద్యం అవసరమైన పోలీసును జనం హీరోగా ఒప్పుకున్నారు. దానికి తరువాయి భాగాలూ వచ్చాయి.

అంటే పాఠకుడు సిద్ధంగానే ఉన్నాడు. తెర మీద సీమను చూసి నొచ్చుకున్నవాళ్లకు కావాల్సింది ‘మా ఊళ్లో హత్యలే జరగలేదు’ అని చెప్పే కథ కాదు. హత్య జరిగాక మిగిలినవాళ్లు ఎలా బతికారో చెప్పే కథ. సాక్షి భయం, తల్లి మౌనం, ఇన్‌స్పెక్టర్ నిద్రలేమి అందులో ఉండాలి. ఆళ్లగడ్డ బస్సులో పక్కసీటు పెద్దమనిషిని మాటల్లోకి దింపగలిగినవాళ్లెవరైనా దాన్ని రాయొచ్చు. పెద్దాయన పేర్లు చెప్పకపోవచ్చు. పేర్లు ఎందుకు చెప్పడో తెలిసినా మొదటి అధ్యాయం దొరికినట్టే!