కంప్యూటర్ కబుర్లు: పందెం కారు దిగినవాళ్ళు

మన ఇళ్ళలో ప్లేస్టేషనో ఎక్స్‌బాక్సో లేని ఇల్లు ఎన్నుంటాయో చెప్పండి చూద్దాం! "అన్నం చల్లారిపోతోంది, రారా" అని కేకేస్తే "ఒక్క ల్యాప్, అమ్మా" అనే జవాబు మీ ఇంట్లోనూ వినే ఉంటారు. ఆ ఒక్క ల్యాపు ఎప్పటికీ అవదనుకోండి, అది వేరే సంగతి.

ఈసారి కబుర్లు ఆ కార్ల ఆటల గురించే. అయితే ఆడేవాళ్ళ గురించి కాదు, తయారుచేసేవాళ్ళ గురించి. "మా అబ్బాయి గేమ్స్ డిజైను చదువుతానంటున్నాడు. అందులో ఉద్యోగాలు నిలబడవట కదా, ఏం చెప్పమంటారు?" అని మన సంఘం కార్యక్రమాల్లో ఇద్దరు ముగ్గురు తల్లులు అడిగారు. ఒక్క మాటలో చెప్పే జవాబు కాదు కనుక ఓ కథ చెబుతాను.

లండన్ వాటర్లూలో రైలెక్కితే ముప్పావుగంట లోపే గిల్డ్‌ఫర్డ్ వస్తుంది. కోట, కెథీడ్రల్, వాలుగా రాళ్ళు పరచిన హై స్ట్రీటు. చూస్తే అక్కడ కంప్యూటర్ ఆటలు పుడతాయని ఎవరూ అనుకోరు. కానీ 1987లో బుల్‌ఫ్రాగ్ అనే కంపెనీ అక్కడ మొదలైనప్పటి నుంచీ ఆ ఊరు ఆటల తయారీకి పెట్టింది పేరు. అక్కడిదే క్రైటీరియన్ అనే స్టూడియో. పిల్లలూ, 'బర్నౌట్' ఆట మీలో కొందరి నాన్నలు ఆడి ఉంటారు, అడిగి చూడండి. 2001లో మొదటిది వచ్చింది. కార్లు గుద్దుకుంటే మార్కులిచ్చే ఆట అది! (నాన్న మోటార్‌వే మీద అలా నడపకుండా చూసుకోండి.) 2004లో ఆ స్టూడియోని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే ఈఏ వారు కొన్నారు. తర్వాత 'నీడ్ ఫర్ స్పీడ్' వరసలో 'హాట్ పర్సూట్' 2010లోనూ, 'మోస్ట్ వాంటెడ్' 2012లోనూ ఈ గిల్డ్‌ఫర్డ్ వాళ్ళే చేశారు.

2022 డిసెంబరు 2న అదే వరసలో 'అన్‌బౌండ్' వచ్చింది. షికాగోని తలపించే లేక్‌షోర్ అనే ఊరు, నిజం కార్ల చుట్టూ కార్టూను పొగలు, గోడ మీద రంగులు చల్లినట్టుండే బొమ్మలు. ఆట చెడ్డదేం కాదు, విమర్శకులు మంచి మార్కులే వేశారు. కానీ దాని సంగతి లోకానికి చెప్పింది అక్టోబరు మొదటి వారంలో. అంటే ప్రచారానికి మిగిలింది రెండు నెలలు. ఆ మధ్యలో అక్టోబరు 28న 'కాల్ ఆఫ్ డ్యూటీ', నవంబరు 9న 'గాడ్ ఆఫ్ వార్' దిగాయి. క్రిస్మస్‌కి పిల్లవాడికి కొనేది ఒక్క ఆటయితే, రెండు ఏనుగుల మధ్య నిలబడ్డవాణ్ణి ఎవరు చూస్తారు? బ్రిటన్‌లో మొదటి వారం డబ్బా అమ్మకాలు 2019 నాటి 'హీట్' కంటే బాగా తక్కువగా వచ్చాయి. డబ్బా కొనేవాళ్ళే తగ్గి, డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళు పెరిగిన రోజులవి నిజమే. అయినా అనుకున్న సందడి మాత్రం కనబడలేదు.

2023 ఫిబ్రవరిలో, అంటే ఆట వచ్చిన మూడు నెలల లోపే, స్టూడియో పెద్ద మాట్ వెబ్‌స్టర్‌తో సహా ఐదుగురు సీనియర్లు ఒక్కసారే బయటికి నడిచారు. అదే ఏడాది సెప్టెంబరులో మిగిలినవాళ్ళలో ఎక్కువమందిని 'బ్యాటిల్‌ఫీల్డ్' అనే యుద్ధం ఆట మీదికి మళ్ళించారు. కార్ల మీద కొద్దిమందే మిగిలారు.

ఆ ఊరికిది కొత్త కాదు. 2013లోనే అక్కడి కార్ల జట్టులో ఎక్కువమందిని వేరే స్టూడియోకి మార్చారు. 2014 జనవరిలో 'బర్నౌట్'కి రూపం ఇచ్చిన అలెక్స్ వార్డ్, ఫియోనా స్పెరీ బయటికొచ్చి, పిడికెడు మందితో త్రీ ఫీల్డ్స్ అనే చిన్న కంపెనీ పెట్టుకున్నారు. 2019లో 'డేంజరస్ డ్రైవింగ్' అనే ఆట చేశారు.

"ఐదుగురు పోతే ఏమైంది, ఇంకో ఐదుగురు వస్తారు" అంటారేమో. ఇక్కడే అసలు సంగతి ఉంది. కార్ల ఆటలో కారు 'బరువు' అనేది ఒకటుంటుంది. స్టీరింగు తిప్పగానే కారు ఎంత వంగాలి, బ్రేకు వేస్తే వెనక చక్రం ఎంత జారాలి, కెమెరా ఎంత వెనక్కి జరగాలి, ఇవన్నీ అంకెలే. సెకనుకి 60 బొమ్మలు చూపించే ఆటలో ఒక్కో బొమ్మకి దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు. ఆ లోపల ఈ లెక్కలన్నీ తేలాలి. అంకెలు ఫైల్లో ఉంటాయి. కానీ ఆ అంకె అంతే ఎందుకుండాలో చేసినవాళ్ళ చేతుల్లో ఉంటుంది. మా అమ్మమ్మ ఆవకాయ లాగన్నమాట. కొలతలు రాసిచ్చినా రుచి రాదు, ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి చూడాలి.

నేను పనిచేసిన ఒక సంస్థలో మూడేళ్ళు కష్టపడి చేసిన సాఫ్ట్‌వేరు బజారులో నిలబడలేదు. ఆర్నెల్లలో నలుగురు పెద్దవాళ్ళు వెళ్ళిపోయారు. తర్వాత ఓ చిన్న లెక్క తేడాగా వస్తుంటే, దాన్ని అలా ఎందుకు రాశారో చెప్పే నాథుడు లేక మూడు వారాలు తలలు పట్టుకున్నాం. చివరికి వెళ్ళిపోయిన పెద్దాయనకే ఫోన్ చేస్తే, తోటపని చేసుకుంటూ రెండు నిమిషాల్లో చెప్పారు! ఆయన జీతం మిగిలిందని సంబరపడ్డ మేనేజరుకి ఆ మూడు వారాల ఖర్చు ఏ పద్దులో రాయాలో మాత్రం తెలియలేదు.

అయితే అందరూ తమంతట తాము దిగరు, కొందరిని దింపేస్తారు. లివర్‌పూల్‌లో బిజార్ క్రియేషన్స్ అని ఓ గొప్ప స్టూడియో ఉండేది. 'ప్రాజెక్ట్ గోతమ్ రేసింగ్' వాళ్ళదే. 2007లో యాక్టివిజన్ వారు కొన్నారు. 2010 మేలో 'బ్లర్' విడుదలైంది. అదే నెలలో బ్రైటన్‌లోని బ్లాక్ రాక్ స్టూడియో వారి 'స్ప్లిట్ సెకండ్' కూడా వచ్చింది. రెండూ బాగున్నాయి, రెండూ ఆశించినంత అమ్ముడుపోలేదు. 2011లో రెండు స్టూడియోలూ మూతపడ్డాయి. లివర్‌పూల్‌లోనే సుమారు 200 మంది ఇళ్ళకి వెళ్ళారు. వాళ్ళలో కొందరు అదే ఊళ్ళో అదే ఏడాది లూసిడ్ గేమ్స్ పెట్టుకున్నారు. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అవుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. లివర్‌పూల్ ఓడరేవు కూడాను!

మూడో దారి కూడా ఉంది. క్రైటీరియన్‌లో పనిచేసి బయటికొచ్చిన షాన్ మరీ, మిత్రులతో కలిసి గిల్డ్‌ఫర్డ్‌లోనే హలో గేమ్స్ పెట్టాడు. 2016లో వాళ్ళ 'నో మ్యాన్స్ స్కై' వచ్చినప్పుడు, చెప్పినవన్నీ లేవని జనం దుమ్మెత్తి పోశారు. వాళ్ళు తలుపులేసుకుని పని చేశారు. ఏళ్ళ తరబడి, కొన్నవాళ్ళ దగ్గర పైసా అడక్కుండా, ఆటకి కొత్త హంగులు చేరుస్తూ పోయారు. తిట్టినవాళ్ళే మెచ్చుకున్నారు. పడ్డవాడు చెడ్డవాడు కాదన్నమాట.

ఇక మన సంగతి. ఈ దొరలు ఫిబ్రవరిలో మానేసి వేసవికల్లా కంపెనీ పెట్టుకోగలిగారు. స్పాన్సర్‌షిప్ వీసా మీద వచ్చిన మన కుర్రవాడికి ఆ వెసులుబాటు లేదు. ఉద్యోగం పోతే, హోం ఆఫీసు ఉత్తరం వచ్చాక మామూలుగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. అందుకే మనవాళ్ళు పెద్దమనుషుల్లా తలూపుతూ, నచ్చకపోయినా కుర్చీ వదలరు. దాన్ని పిరికితనం అంటే నేనొప్పుకోను. వెనకాల ఇంటద్దె, పిల్లల బడి, ఊళ్ళో అమ్మానాన్నల మందులు ఉన్నాయి. కానీ ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకి ఆ 60 రోజుల గడియారం లేదు. మన భయాన్ని వాళ్ళ మెడలో కట్టడం న్యాయమా, ఆలోచించండి.

అడిగిన తల్లులకి నా సలహా ఇది. అబ్బాయినైనా అమ్మాయినైనా చదవనివ్వండి. కానీ లెక్కలు, ఫిజిక్సు గట్టిగా చదవమనండి. ఆటల కంపెనీ మూసేసినా ఆ చదువుకి మరోచోట అన్నం దొరుకుతుంది. మొదటి కంపెనీలోనే రిటైరవుతారని మాత్రం అనుకోకండి. వెళ్ళిపోయిన ఐదుగురి సంగతంటారా? 2023లోనే గిల్డ్‌ఫర్డ్‌లో ఫ్యూజ్ గేమ్స్ అని పెట్టుకున్నారు. 2025 డిసెంబరులో 'స్టార్ వార్స్: గెలాక్టిక్ రేసర్' అనే పందెం ఆటని ప్రకటించారు. ఊరు మారలేదు, పనీ మారలేదు, బోర్డు మారిందంతే.

పిల్లలూ, మీకో పని. ఆట అయిపోయాక వచ్చే పేర్ల జాబితాని బటన్ నొక్కి దాటెయ్యకండి. రెండు వేరు వేరు కంపెనీల కార్ల ఆటలు తీసుకుని, రెండింట్లోనూ ఉన్న పేర్లు ఎన్నో లెక్కపెట్టి మన సంఘానికి రాయండి. జాబితాలో తెలుగు పేరు కనబడితే తప్పకుండా రాయండి, వచ్చే సంచికలో వేస్తాం. అమ్మ అన్నానికి పిలిస్తే మాత్రం వెంటనే లేవండి!