ఆమెకు వైద్యం ఎంత దూరం?

మానసిక వైద్యాన్ని మహానగరాల ఆసుపత్రుల నుంచి పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు తీసుకురావచ్చునని ఈ దేశానికి చూపిన జిల్లా బళ్లారి. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 1980వ దశకంలో అక్కడ నడిపిన ప్రయోగమే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది. మన ఆదోని తాలూకా 1953 వరకు ఆ బళ్లారి జిల్లాలోనిదే. ఎమ్మిగనూరు నాడు ఆ తాలూకాలోని ఊరే. పొరుగున వెలిగిన ఆ దీపం మన స్త్రీల గడప వరకు ఎంత వచ్చిందో కోవిడ్ మహమ్మారి బయటపెట్టింది.

2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అందరికంటే ఎక్కువగా వ్యాధి సోకినది కర్నూలు జిల్లాకే. రమజాన్ మాసం, ఈద్ నమాజు కూడా ఇళ్లలోనే గడిచాయి. జిన్నింగు మిల్లులు, మగ్గాలు ఆగాయి. సుగ్గికి గుంటూరు మిరప చేలకు వెళ్లిన కుటుంబాలు వట్టి చేతులతో తిరిగివచ్చాయి. ఇంటి బెంగ అంతా ఇల్లాలి తల మీద చేరింది. 2020లో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన రుగ్మతలు అదనంగా 7 కోట్ల 60 లక్షల మందికి కలిగాయని, వారిలో సుమారు 5 కోట్ల 20 లక్షల మంది స్త్రీలేనని 2021 అక్టోబరులో లాన్సెట్ పత్రిక అంచనా వేసింది. మన వీధులలోని తల్లులు, అక్కచెల్లెళ్లు ఆ లెక్కకు వెలుపలివారు కారు.

వ్యసనం అనగానే మనకు మగవాడే గుర్తుకు వస్తాడు. 2020 మే 4న మద్యం దుకాణాలు తెరిచిన నాడు జరిగిన చర్చ అంతా అతని చుట్టూనే. స్త్రీ వ్యసనం వీధిలో తూలి పడదు. అది తలగడ కింద నిద్రమాత్రల అట్టలో, నొప్పి బిళ్లలో, జర్దా డబ్బీలో ఉంటుంది. ఎన్నడో ఒక వైద్యుడు పది రోజులకు రాసిన మాత్ర ఏళ్ల తరబడి సాగుతుంది. అల్ప్రాజోలం వంటివి చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మకాన్ని రిజిస్టరులో రాయాలని నిబంధన ఉన్నా దానిని పట్టించుకునేవారు తక్కువ. ఆ మాత్ర హఠాత్తుగా దొరకకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర ఉండదు, కొందరికి మూర్ఛలు కూడా వస్తాయి. ఇది పొగరూ కాదు, గాలి సోకడమూ కాదు. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును వారాల తరబడి తగ్గిస్తూ మాన్పించవలసిన జబ్బు.

మనం చేసేదేమిటి? తావీజు కడతాము, దర్గాకు తీసుకువెళతాము, సంబంధాలు చెడతాయని నోరు మూయిస్తాము. దుఆను ఎవరూ కాదనరు. అయితే 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో గొలుసులతో కట్టివేసిన 28 మంది రోగులు మంటల్లో కాలిపోయిన సంగతి మరవరాదు. గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో దవా, దుఆ రెండూ ఒకే ఆవరణలో నడుస్తున్నాయి. వైద్యం చేయించుకొమ్మన్నది దైవప్రవక్త (స) ఉపదేశమే. 1284లో కైరోలో కట్టిన మన్సూరీ ఆసుపత్రిలో స్త్రీలకు వేరు వార్డులు, మనోరోగులకు వేరు గదులు ఉండేవి. ఏడు వందల ఏళ్ల కిందటి ముస్లిములకు లేని సిగ్గు మనకెందుకు? కోవిడ్‌లో భర్తను పోగొట్టుకొని ఇద్దత్‌లో కూర్చున్న సోదరి కూడా చికిత్స అవసరమైతే గడప దాటవచ్చు. ఈ మాట ఆమెకు ఆలిములే స్వయంగా చెప్పాలి.

ఇక ప్రభుత్వం సంగతి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా వ్యాధిగానే పరిగణిస్తుంది. చికిత్స కోసం ఎవరూ సుదూర ప్రయాణం చేయవలసిన పరిస్థితి ఉండరాదని 18వ సెక్షన్ ప్రభుత్వాన్ని ఆదేశిస్తుంది. మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి సాధారణంగా వేరు చేయరాదని 21వ సెక్షన్, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ చెబుతున్నాయి. మన స్త్రీకి కావలసినవి సరిగ్గా ఇవే. కాని ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు వంద కిలోమీటర్లు, ఎమ్మిగనూరు నుంచి దాదాపు డెబ్బై. తోడు వచ్చే మగదిక్కు, ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, ఇంట్లో చెప్పుకోవలసిన సాకు అన్నీ కలిస్తేగాని ఆ ప్రయాణం సాగదు. బస్సులే నిలిచిన నెలల్లో ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వ ఆసుపత్రులలో వారానికి ఒక నిర్ణీత దినాన మానసిక వైద్యుడు కూర్చోవాలి. ఉర్దూ, తెలుగు, కన్నడం తెలిసిన మహిళా కౌన్సెలరు ఉండాలి. బయట ‘పిచ్చి’ అనే మాట వినిపించకుండా, సాధారణ ఓపీ చీటీ మీదనే చూడాలి. 2021 మే 31న శంకుస్థాపన జరిగిన ఆదోని వైద్య కళాశాల ప్రణాళికలో స్త్రీల మానసిక, వ్యసన విముక్తి వార్డుకు ఇప్పుడే చోటు కల్పించాలి. గోడలు లేచాక అడిగితే చోటు లేదంటారు.

ఈ కోరికలతో జిల్లా కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రం మీద రెండు పట్టణాల మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు ఈ నెలలోనే సంతకాలు చేయాలని కోరుతున్నాము. కోవిడ్ కాలంలో నిమ్హాన్స్ ఉచిత ఫోను 080-46110007 నడిచింది. ఆదోని షాహీ జామియా మస్జిద్ మొదలుకొని ప్రతి మస్జిద్‌లో జుమా ప్రసంగం చివర ఇప్పుడు పనిచేస్తున్న మానసిక సహాయ ఫోను నంబరును రెండుసార్లు చదివి వినిపించవలసిందిగా ఇమాములకు మనవి. విన్న మగవారు దానిని ఇంట్లో చెప్పాలి.